పుట్టినవారెందరు, ఉన్నవారెందరు

మొన్న మా జీపీ డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములో కూర్చుని ఉండగా రిసెప్షన్ అమ్మాయి "మిస్టర్ పెంటాయా!" అని కేకేసింది. ఐరిష్ వాళ్ల డోనెగాల్ యాసలో మధ్యన సాగదీసి, చివర కొంచెం పైకి లేపి అన్నదేమో, ఇటలీ నుంచి జమీందారెవరో దిగాడనుకుని పక్కనున్న ఇద్దరు తల తిప్పి చూశారు. లేచింది నేను. నర్సింగ్ హోము వంటగదిలో బంగాళాదుంపలు చెక్కీ చెక్కీ మోచెయ్యి పట్టేసిన పెంటయ్యను. పెంటకుప్పను ఇంత గౌరవంగా పిలిచే దేశం ఇంకోటి ఉండదు. అందుకే ఇక్కడ స్థిరపడ్డాను.

లోపలికి నడుస్తుంటే తలుపు పక్కన ఒక ముసలావిడ, వానకు తడిసిన ఊలుకోటు ఒంటిమీదే ఉంచుకుని, పిప్పరమెంటు బిళ్ల కాగితం విప్పుతోంది. తడి ఊలు వాసన, దాని మీద పిప్పరమెంటు వాసన. అంతే, డాక్టరు "ఏ చెయ్యి?" అని అడిగితే కాసేపు రెండు చేతులూ చూసుకున్నాను. ఆ రెండు వాసనలూ కలిస్తే నాకు నోరీన్. మా పక్కింటి మనిషి. కిందటి చలికాలం వెళ్లిపోయింది. ఈ ఊళ్లో నా పేరును మొట్టమొదట అలా సాగదీసింది ఆవిడే. దాని అర్థమేమిటని అడిగిందీ ఆవిడొక్కతే.

అప్పుడు నవ్విస్తూనే చెప్పాను. పిల్లలు నిలవని ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే పెంట మీద పెట్టి తీసి, ఆ పేరే పెడతారనీ, అంత చవక సరుకును మృత్యువు కూడా ముట్టుకోదని మా నమ్మకమనీ. "మా తాత పేరది. పెంట మీద పడుకున్నది ఆయన. నాకు పేరు మాత్రమే వారసత్వంగా వచ్చింది" అన్నాను. మా ఇంట్లో నాకు చెప్పింది అదే. నోరీన్ నవ్వలేదు. ఆవిడతో అదే చిక్కు. నవ్వాల్సిన చోట ఊరుకుని, ఊరుకోవాల్సిన చోట నవ్వేది.

నేను ఈ లెటర్‌కెన్నీ ఊరికి వచ్చింది భార్య వీసా కొంగు పట్టుకుని. సుజాత ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు. నా చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. ఏదో వెకిలి మాట అన్నానని లెక్కల సారు ఒకరోజు నన్ను క్లాసు బయట నిలబెట్టారు. ఎదురుగా హోటల్లో పూరీలు వేగుతున్నాయి. వెళ్లి పనిలో చేరాను. సారు ఇంకా లోపలికి రమ్మనలేదు. అప్పటినుంచీ ఒకచోట కుదురుగా ఉండటం నా ఒంట పట్టలేదు. "నువ్వు రెండు నిమిషాలు కదలకుండ కూసుంటే నాకు నీ నాడి చూడబుద్ధయితది" అంటుంది సుజాత.

నోరీన్ తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. కంటిచూపు నడిమధ్య నుంచి పోతూ వచ్చి, చివరికి అంచులు మాత్రం మిగిలాయి. మన ముఖం చూడాలంటే మన చెవి పక్కన ఇంకెవరో నిలబడ్డట్టు అటు చూసేది. మేము ఆ ఇంటికి మారి నెల తిరక్కముందే గోడ మీదుగా నా చెవి వైపు చూస్తూ పలకరించింది.

"కారుందా?"

"ఉందండీ."

"కళ్లున్నాయా?"

"రెండున్నాయి."

"మంగళవారం సెలవు కదూ? ఆ రోజు గోడలోంచి నీ పాటలు తొమ్మిదిన్నర దాకా వినిపించవు. పదకొండింటికి రా. చనిపోయినవాళ్లను వెతకాలి."

పోలీసులను ఇక్కడ గార్డులంటారు. గార్డులకు ఫోన్ చెయ్యాలా, సుజాతకు చెయ్యాలా అని ఆలోచించి, ఏదీ చెయ్యకుండా మంగళవారం పదకొండింటికి వెళ్లాను.

ఆవిడ వెతుకుతున్నది తన తాత తరాన్ని. ఈ దేశంలో నూరేళ్లు దాటిన జనాభా లెక్కల కాగితాలను, ఇంటి పెద్ద తన చేత్తో నింపినవాటిని, ఉన్నవి ఉన్నట్టు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరైనా చూడొచ్చు. నోరీన్ మాత్రం చూడలేదు. అందుకని వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి నేను చదవాలి. నాది హోటల్ ఇంగ్లీషు. ఆ పాత చేతిరాత ముందు అది కూడా చేతులెత్తేసింది. ఒక్కో అక్షరం పైకి చెబుతూ పోతే, ఆవిడ కళ్లు మూసుకుని వాటిని పేరుగా కూర్చేది. మధ్యలో నేను లేచి కెటిల్ పెట్టడం, ప్రెస్ అని ఇక్కడివాళ్లనే అలమర తలుపు తీసి బిస్కెట్లు వెతకడం, కిటికీలోంచి ఎవరి కారో చూడటం.

"వాళ్లు ఎక్కడికీ పోరు, పెంటాయా. కదులుతున్నది నువ్వే. కూర్చో."

ఒకరోజు ఆవిడ ముత్తవ్వ దొరికింది. 1901లో వయసు యాభై నాలుగు. 1911 కాగితంలో డెబ్బై ఒకటి. నేను ఎగిరి గంతేశాను. "తప్పు పట్టుకున్నాను! పదేళ్లలో పదిహేడేళ్లు ముసలైంది మీ ముత్తవ్వ."

నోరీన్ కుర్చీలో వెనక్కి వాలి కడుపారా నవ్వింది. ఆ రెండు లెక్కలకూ మధ్య వృద్ధాప్య పింఛను వచ్చిందట. డెబ్బై నిండినవాళ్లకే ఇచ్చేవారు. పుట్టిన తేదీకి రుజువు చాలామంది దగ్గర లేదు. దాంతో ఊరూరా జనం గబగబా ముసలివాళ్లయిపోయారు. "కాగితం అబద్ధం చెబితే కోప్పడకు. ఎందుకు చెప్పవలసి వచ్చిందో అడుగు. అప్పుడు మనిషి కనిపిస్తుంది" అంది.

అయితే మా హెడ్మాస్టరు సంగతి కూడా వినండి అన్నాను. ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. అందితే ఐదేళ్లు నిండినట్టు. నావి పొడుగు చేతులు. నాలుగేళ్లకే అందింది. ఆయన జూన్ నెలలో ఒక తేదీ వేసేశారు. "నా పాస్‌పోర్టులో ఉన్న వయసు నా చేతులది, నాది కాదు." నోరీన్ వెంటనే తన చెయ్యి తల మీదుగా తిప్పి చెవి అందుకుంది. "అందింది. ఐదు నిండాయి. గ్రాండ్" అని, ఇంకో పిప్పరమెంటు నోట్లో వేసుకుంది.

ఆ 1911 కాగితంలోనే ఆవిడ అసలు వెతుకులాట ఉంది. పెళ్లయిన ఆడవాళ్ల కోసం అందులో రెండు గడులు ప్రత్యేకంగా ఉన్నాయి. ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడు ఉన్నవాళ్లెందరు. ఆవిడ నాయనమ్మ పేరుకు ఎదురుగా మొదటి గడిలో తొమ్మిది, రెండో గడిలో ఆరు.

"తీసెయ్" అంది నోరీన్.

"మూడు."

"ఆ ఆరుగురితో కూర్చుని నేను టీ తాగాను. వాళ్ల దగ్గర చీవాట్లు తిన్నాను. మిగతా ముగ్గురి ఊసు మా నాన్న బతికుండగా ఎత్తలేదు. నేను అడగలేదు. అడగాలని తోచేసరికి చెప్పేవాళ్లు లేకపోయారు."

ముగ్గురిలో ఇద్దరిని జనన మరణాల రిజిస్టర్లలో పట్టుకుంది. హ్యూ, ఆనీ. గోడకు అంటించిన పెద్ద అట్ట మీద, తన కంటికి ఆనేలా గుమ్మడికాయంత అక్షరాలతో నల్ల మార్కరుతో రాసుకుంది. మూడో పేరుకు గీసిన గడి ఖాళీ. నేను ఆ గోడ వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. ఎందుకో ఆ ఖాళీ నా మెడ మీద ఊదుతున్నట్టుండేది.

అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. "ఆ మూడోది తొలి కాన్పు అయ్యుంటుంది. తొలి కాన్పు పుట్టింట్లో కదా! మీ నాయనమ్మ పుట్టింటి వైపు వెతక్కుండా ఇక్కడ వెతికితే ఎలా దొరుకుతుంది?" అని బల్ల గుద్ది చెప్పాను. అంత నమ్మకంగా నేను జీవితంలో ఏదీ చెప్పలేదు. వరసగా కొన్ని మంగళవారాలు కొండల అవతలి చర్చిల రిజిస్టర్లన్నీ చదివించింది. ఏమీ లేదు. చివరికి వానలో అక్కడికే కారు తోలించింది. స్మశానంలో రాళ్లు తడిమాం. చర్చి పక్కన కనిపించిన ముసలాయన మా కథంతా విని, టోపీ వెనక్కి నెట్టి, "పురుటికి పుట్టింటికా? ఇక్కడ ఆడపిల్ల మొగుడి గడపలోనే కంటుందయ్యా. అమ్మకు పాలు పితకడానికే తీరిక ఉండదు, పురుడు ఎక్కడ పోస్తుంది?" అన్నాడు.

కారులో కూర్చున్నాక నోరీన్ కోటు నుంచి నీళ్లు కారుతున్నాయి. "నాకు ముందే తెలుసు" అంది తీరిగ్గా.

"మరి నన్నెందుకు ఇంత దూరం తిప్పారు?"

"నువ్వు అంత గట్టిగా చెబుతుంటే ముచ్చటేసింది. పైగా ఈ కొండల వాసన చూసి చాలాకాలమైంది." వైపర్లు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాయి. "అయితే మీలో తొలి బిడ్డ తప్పనిసరిగా అమ్మమ్మ ఇంట్లోనే పుడుతుందా?"

"తప్పనిసరి. లేకపోతే మామగారి పరువేం కావాలి?"

"నువ్వెక్కడ పుట్టావు?"

"నాన్న వాళ్లింట్లో. పత్తి ఏరే రోజుల్లో, మా నాయనమ్మ చేతుల మీద. ఆ కథ మా నాయనమ్మ..."

అక్కడ నా నోరు ఆగింది. నోరీన్ నా చెవి పక్కకు చూస్తోంది, అంటే నన్నే చూస్తోంది.

"అయితే నువ్వు తొలి బిడ్డవి కాదు, పెంటాయా. ఆ పేరు మీ తాతదొక్కడిదే కాదేమో."

లెటర్‌కెన్నీ వచ్చేదాకా నేను ఆపకుండా మాట్లాడాను. క్రికెట్టు, పెట్రోలు ధర, మా నర్సింగ్ హోములో పళ్లసెట్లు మార్చుకున్న ఇద్దరు ముసలాళ్లు. ఆవిడ పిప్పరమెంట్లు చప్పరించింది. దిగేటప్పుడు మాత్రం, "మీ అమ్మ జూన్‌లో వస్తోందన్నావుగా" అంది.

అమ్మ కరీంనగర్‌లో మా చెల్లెలి దగ్గర ఉంటుంది. చెల్లెలి టిఫిన్ సెంటర్‌లో గల్లాపెట్టె అమ్మదే. ఇక్కడికొచ్చిన మొదటి రోజే ఆకాశం వంక చూసి, "గీ దేశంల ఎండను గూడ ఫ్రిజ్జుల పెట్టి తీస్తరా ఏంది?" అంది. రెండో రోజుకల్లా నోరీన్ వంటగదిలో ఎప్పుడూ వెచ్చగా ఉండే ఇనప పొయ్యి సంగతి కనిపెట్టేసింది. ఆపైన మా ఇంట్లో కనిపించడం మానేసింది. నోరీన్‌ను "నోరమ్మ" అనేది. ఒకరిది తెలుగు, ఒకరిది ఇంగ్లీషు, గంటలు గడిచిపోయేవి.

"నోరమ్మకు మోకాళ్లు నొస్తయట" అంది ఒకరోజు అన్నం తింటూ.

"నీకెట్ల తెలిసింది?"

"చెప్పింది గదా."

నాకు మాత్రం ఒంటిమీద చీమలు పాకుతున్నట్టుండేది. అమ్మను అడగాలి. తిరుగు ప్రయాణం దగ్గరపడుతోంది. కరీంనగర్ వెళ్లాక ఫోన్లో అడిగే మాట కాదది. రోజూ పొద్దున అడుగుదామని నోరు తెరిచి, ఏదో హాస్యమాడి మూసేవాణ్ణి. ఎవరో ఇద్దరు, ముగ్గురు, నాకంటే ముందు ఆ ఒళ్లో ఉండి వెళ్లిపోయారు. వాళ్లెవరో తెలిసిన మనిషి భూమి మీద ఒక్కతే. ఆమె మా ఇంట్లో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది.

చివరికి ఒక మంగళవారం నోరీన్ నన్ను పిలిచి దుబాసీగా కూర్చోబెట్టింది. గోడ మీది అట్ట దింపి బల్ల మీద పరిచి, తన నాయనమ్మ గురించి అమ్మకు చెప్పమంది. చెప్పాను. తొమ్మిది, ఆరు, హ్యూ, ఆనీ, ఖాళీ గడి. అమ్మ వేలితో ఆ గడి తడిమి, "అయ్యో" అంది. అప్పుడు నోరీన్ మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ అడిగింది. నొప్పి కలిగితే చెప్పనక్కర్లేదు. కానీ ఈ కాగితం ఒక్క ప్రశ్న అడిగినట్టే, ఎవరైనా ఆమెను ఎప్పుడైనా అడిగారా? ఎందరు పుట్టారు, ఎందరున్నారు?

నేను అమ్మ వైపు తిరిగి, "ఛాయ్‌ల షక్కెర చాలా అని అడుగుతున్నదమ్మా" అన్నాను.

"చాలు" అంది అమ్మ.

"చాలట" అన్నాను.

నోరీన్ నా చెవి పక్కకు చూసింది. "అంత పొడుగు ప్రశ్నకు అంత పొట్టి జవాబా?"

అదే క్షణంలో ఇటు నుంచి అమ్మ, "ఒక్క చెంచ షక్కెరకు గంతసేపు మాట్లాడుతదార గామె? సక్కగ చెప్పు. ఏమడిగింది?"

రెండు భాషల్లో ఒకేసారి దొరికిపోయిన దొంగ ఇంకెక్కడా ఉండడు. చెప్పాను. ఈసారి ఉన్నదున్నట్టు.

అమ్మ కప్పు పక్కన పెట్టింది. నేను లేవబోతుంటే నోరీన్ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

"అడిగిన్రు" అంది అమ్మ. "ఒక్కపారి. జనాభా లెక్కలని బడి పంతులొచ్చి గడంచె మీద కూసున్నడు. నువ్వు చంకల పోరనివి. పిల్లలెందరు పుట్టిన్రని నన్నే అడిగిండు పాపం. మీ నాయినమ్మ వాకిట్లకెల్లి, 'ఒక్కడే సారూ, గీ పెంటిగాడు' అన్నది. పంతులు రాసుకొని పోయిండు. నేను తలుపెనుక నిలబడ్డ."

"ఎందుకట్ల చెప్పింది?"

"భయం రా. పోయినోళ్లను లెక్కల పెడితె, ఉన్నోని మీద కన్ను పడుతదని. నీ మీద పాణమె ఆమెకు. తాత పేరన్నది నిజమె. చాటల పండవెట్టి పెంట మీద పెట్టింది గూడ నిజమె. కుమ్మరి ఎల్లవ్వ నిన్నెత్తుకొని నాకు దొరికిండన్నది. గుప్పెడు తౌడిచ్చి కొనుక్కున్న."

నేను నోరీన్‌కు చెబుతున్నాను. నా గొంతు ఎవరిదో అద్దెకు తెచ్చుకున్నట్టుంది.

"మొదలు పుట్టింది ఆడివిల్ల. మా అమ్మగారింట్ల. లచ్చవ్వ. కూసునుడు నేర్సింది. రెండు పండ్లొచ్చినయి. జెరమొచ్చింది." అమ్మ వేళ్లతో కొంగు చివర మడత పెట్టింది, విప్పింది. "రెండోది పోరడు. తొట్టెల్ల ఎయ్యకముందె పోయిండు. పేరు పెట్టలె."

నోరీన్ అడిగింది, "మనసులో కూడా పెట్టుకోలేదా?"

అది తెలుగు చేసేసరికి అమ్మ ముఖం మారింది. నేను ఎప్పుడూ చూడని పడుచుపిల్ల ఎవరో అందులోంచి చూసింది.

"మల్లయ్య అనుకున్న. పైకనలె. ఇయ్యాల్నె అనుడు."

నోరీన్ ఒక కొత్త అట్ట తీసింది. నల్ల మార్కరుతో పైన రెండు గడులు గీసింది. పుట్టినవారు నలుగురు. ఉన్నవారు ఇద్దరు. కింద పేర్లు ఒక్కొక్కటీ రెండేసిసార్లు అనిపించుకుని, తన యాసలో తిరిగి అంటూ రాసింది. లచ్చవ్వ, మల్లయ్య, నేను, చెల్లెలు. చదువురాని అమ్మ రెండో పేరు మీద వేలు పెట్టి, "గిదేనా ఆడు?" అంది.

"గదే" అన్నాను. అమ్మ చల్లారిన ఛాయ్ ఎడమ చేత్తో తాగింది. కుడిచేతి వేలు అక్కడే ఉంచింది.

తర్వాత నోరీన్‌తో నేను గడిపిన మంగళవారాలు ఎక్కువ లేవు. చూపు అంచులు కూడా మసకబారాయి. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, ఫోన్లో రిజిస్టర్ పేజీలు అక్షరం అక్షరం చదివి వినిపించేవాణ్ణి. "ఆ ఇంటివాళ్లు కాకపోతే పక్కింటివాళ్లను చదువు. పక్కింటివాళ్లకు అన్నీ తెలుస్తాయి" అనేది. మూడో బిడ్డ దొరకకుండానే ఆవిడ వెళ్లిపోయింది. తన నాయనమ్మ పిల్లల అట్ట నాకు ఇమ్మని చెప్పిందట. ఇప్పుడది మా వంటింటి గోడ మీద ఉంది. దానికి ఎదురుగా కూర్చుంటాను. మంగళవారం పదకొండింటికి ల్యాప్‌టాప్ తెరిచి, ఆ చుట్టుపక్కల ఊళ్ల పుట్టుకలన్నీ వరసగా చదువుతాను. పేరు తప్పు రాసి ఉండొచ్చు. అసలు రాయించి ఉండకపోవచ్చు. ఆ తలుపు వెనక కూడా ఎవరైనా నిలబడి ఉండొచ్చు. కాళ్లు ఊగుతూనే ఉంటాయి, లేచి కెటిల్ పెడుతూనే ఉంటాను. కానీ మళ్లీ వచ్చి కూర్చుంటాను. సుజాత ఒకసారి నిజంగానే నాడి చూసింది.

ప్రతి మంగళవారం సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తుంది. బాగున్నావా, తిన్నావా లేదు. "దొరికిందా నోరమ్మ బిడ్డ?" అనే మొదలు.

"దొరకలేదమ్మా."

"దేవులాడు" అంటుంది. ఆపైన ఫోన్ పెట్టకుండా ఊరికే ఉంటుంది. ఆ ఊరికే ఉండటం నాకు ఇప్పటికీ సయించదు. కిందటి వారం తట్టుకోలేక అనేశాను: "ఏమమ్మా, ఇన్నేండ్లు ఒక్కగానొక్క కొడుకువని చెప్పి పెంచితివి. ఇప్పుడేమో పైన ఒక అక్క, ఒక అన్న లేచిరి. రేపు ఇంటి జాగల వాటా అడిగితె నా గతేంది?"

అవతల గల్లాపెట్టె మూసిన చప్పుడైంది.

"ఏమడుగరు తియ్యి" అంది అమ్మ. "ఆళ్ల వంతు మాటలన్ని పుట్టినకాడికెల్లి నువ్వే మాట్లాడుతున్నవు. ఏనాడన్న అడిగిన్రా?"